ఎఫ్‌వన్ నొక్కని నెలలు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి కంప్యూటర్ మీట నొక్కడం స్వరూపరాణికి అలవాటు. పాలు పొంగేలోపు అది తెరుచుకుంటుంది. తెరుచుకునే ముందు మాత్రం నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాలతో రోజూ ఒకటే గోల: తేదీ, టైం సరిగా లేవు, ముందుకు పోవాలంటే ఎఫ్‌వన్ నొక్కండి. ఆమె నొక్కేది. లోపల గడియారం చూస్తే 2008 జనవరి ఒకటో తారీఖు దగ్గర కూర్చుని ఉండేది. ఆ తారీఖుకి స్వరూపరాణికి పెళ్లి కూడా కాలేదు.

కొత్తపేట రైతుబజారు వెనక గల్లీలో, ఇంటి ముందు గదే ఆమె దుకాణం. చైతన్యపురి హాస్టళ్ల పిల్లలు పరీక్ష ఫారాలు నింపించుకోవడానికి, హాల్‌టికెట్లు తీయించుకోవడానికి వస్తారు. కంప్యూటర్ బాగా పాతది. భర్త బాలరాజ్ తన ఆఫీసులో తీసేస్తుంటే భుజాన వేసుకుని తెచ్చాడు. 2008లో బతికే యంత్రానికి ఇవాళ్టి వెబ్‌సైట్లు తలుపు తీయవు కదా. చేత్తో తేదీ సరిచేస్తే పది నిమిషాలు బుద్ధిగా ఉండి మళ్లీ వెనక్కి పోయేది. పిల్లలు "ఆంటీ, లేటైతుంది" అని గొణిగి పక్క దుకాణానికి పోయేవాళ్లు. మూడేళ్లుగా ఇదే వరస. పోనీ రోజూ ఇట్లాగే ఉంటుందా అంటే అదీ లేదు. ఉన్నట్టుండి కొన్నాళ్లు ఏ రోగమూ లేనట్టు నడిచేది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కంప్యూటర్లు బాగుచేసే సాయికుమార్ వచ్చి, రూపాయి బిళ్లంత బ్యాటరీని మూడుసార్లు మార్చాడు. మూడోసారి తల గోక్కున్నాడు.

"అక్కా, ఇది బ్యాటరీ రోగం గాదు. బ్యాటరీ పోతే బంద్ జేసినప్పుడే టైం మర్చిపోతది. ఇది నడుస్తుంటెనే మర్చిపోతుంది. ఒక పని జెయ్. గీ మెసేజ్ ఒచ్చిన రోజల్లా క్యాలెండర్ మీద ఇంటు గుర్తు పెట్టు. మూడు నెలలు చూద్దాం."

ఆ ఇంట్లో క్యాలెండర్‌కి పని ఎక్కువ. గ్యాస్ బండ వచ్చిన రోజు, పాలు రాని రోజు, అత్తమ్మ వచ్చిన రోజు, పోయిన రోజు, అన్నీ దాని మీదే ఉంటాయి.

అత్తమ్మ లింగమ్మది పోచంపల్లి. కొడుకులిద్దరూ ఆమెను వంతులేసుకున్నారు. ఒక నెల కొత్తపేటలో పెద్దకొడుకు బాలరాజ్ ఇంట్లో, ఒక నెల నాగోల్‌లో చిన్నకొడుకు శ్రవణ్‌కుమార్ అపార్ట్‌మెంట్లో. ఒకటో తారీఖు పొద్దున ఆటో, చేతిలో చారల సంచి. ఎనిమిదేళ్లలో ఆ సంచిని ఆమె ఎక్కడా పూర్తిగా ఖాళీ చేయలేదు. చీర తీసి కట్టుకుంటుంది, ఉతికి ఆరేసి మడతపెట్టి మళ్లీ సంచిలోనే పెడుతుంది.

లింగమ్మ ఉన్నచోట గడియారాలు టైం తప్పవు. గల్లీలో అందరికీ తెలిసిన సంగతే. ఆగిపోయిన వాచీ ఆమె ఒళ్లో పెడితే నడుస్తుంది. ఆమె ఎన్నడూ గడియారం చూడదు, అడిగితే మాత్రం నిమిషాలతో సహా చెబుతుంది. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చున్న మనిషి, ఆ మాత్రం ఉండదా అనుకునేవారు. ఎదురింటి సాంబమూర్తిగారైతే ఒకటో తారీఖున గోడ గడియారం చంకనెట్టుకుని తయారు. "అమ్మగారొచ్చారాండీ? ఇది ఓ పూట ఆవిడ దగ్గర ఉంచండి, మళ్లీ వెనకబడుతోంది" అని వదిలిపోతారు. నాగోల్‌లో ఆ అవసరం లేదు. అక్కడ అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఆమెను టైం అడిగే దిక్కే లేదు.

మూడు నెలలు గడిచాక స్వరూపరాణి క్యాలెండర్ కిందికి దించి చూసింది. ఒక నెల నిండా ఇంటు గుర్తులు. మరుసటి నెల శుభ్రంగా ఖాళీ. మళ్లీ నెల నిండా గుర్తులు. ఖాళీ నెల మొదటి గడిలో తన చేతిరాతే ఉంది: అత్తమ్మ వచ్చింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని. గోడ గడియారాలంటే సరే, కంప్యూటర్ అంతటి యంత్రానికి కూడా అత్తమ్మే దిక్కని ఆమెకు తోచనే లేదు.

సాయికుమార్‌కి ఫోన్ చేసి చెబితే, "అట్లనా! ముందే చెప్తే బ్యాటరీల పైసలు మిగులుతుండె గదక్కా" అన్నాడు.

అత్తమ్మ నాగోల్‌లో ఉన్న నెలలో స్వరూపరాణి ఒక ప్రయత్నం చేసింది. అత్తమ్మ విడిచి, మరిచిపోయి వెళ్లిన పాత చీర ఒకటి కంప్యూటర్ డబ్బా మీద కప్పింది. నాలుగు రోజులు నిమిషం తప్పలేదు. ఐదోనాడు బాలరాజ్ తెలియక ఆ చీరను బట్టల్లో వేసి ఉతికించాడు. మళ్లీ 2008.

లింగమ్మ తిరిగొచ్చాక స్వరూపరాణి ఇక ఆగలేక మరిదికి ఫోన్ చేసి క్యాలెండర్ సంగతంతా చెప్పింది, స్పీకర్ పెట్టి మరీ.

"శ్రవణ్, ఇగ అత్తమ్మ పన్నెండు నెలలూ ఈడనే ఉంటది."

"ఏంది వదినా, గా డబ్బా కోసం మా అమ్మను ఉంచుకుంటవా?" అని నవ్వాడు శ్రవణ్. అన్నీ వేళాకోళం చేయడం అతని అలవాటు, మనసులో ఏమీ ఉండదు.

వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న లింగమ్మ అంతా విన్నది. మధ్యాహ్నం అన్నాల దగ్గర నెమ్మదిగా అడిగింది.

"స్వరూపా, నీ మిషిన్ కోసమా, నా కోసమా?"

అబద్ధమాడటం రాని మనిషి స్వరూపరాణి. నిజం చెప్పడానికేమో నోరు రాలేదు. పళ్లెంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

"ఏం గాదులే బిడ్డా, తిను" అంది లింగమ్మ. ఆ వచ్చే ఒకటో తారీఖున ఎవరూ లేపకముందే లేచి, ఆటో రాకముందే సంచి పట్టుకుని గడపలో నిలబడింది.

స్వరూపరాణి మళ్లీ ఎఫ్‌వన్ నొక్కడం మొదలుపెట్టింది. పదమూడో తారీఖున ఫారాలు నింపుతుంటే మెడ పట్టేసింది, కడుపులో మంట. టైం ఎంతైందో అని తెర చూస్తే 2008 కనబడింది. ఫోన్ చూస్తే నాలుగు దాటింది. పొద్దుటి నుంచి చాయ్ తప్ప ఏమీ తినలేదు. "రెండైంది, లే, ఇన్ని మెతుకులు తిను" అనే గొంతు లేదు. "ఐదైతుంది, నల్లా ఒస్తది", "ఏడైంది, జరసేపు కండ్లు మూస్కో" అనే గొంతు లేదు. ఎనిమిదేళ్లు ఆ గొంతును ఆమె సతాయింపు అనుకుంది. అమ్మ పోయినప్పటి నుంచీ తిన్నావా అని తనను అడిగిన మనిషి లోకంలో ఆ ఒక్కతే అని ఇప్పుడు గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. ఆ ముసలి డబ్బాకి తెలిసిన సంగతి తనకు తెలియనందుకు సిగ్గు కూడా వేసింది.

మరునాడు పొద్దున్నే సాయికుమార్‌ని పిలిచి వేరే కంప్యూటర్ పెట్టించింది. సెకండ్‌హ్యాండ్‌దే, కాని కొత్త రకం. మీట నొక్కితే నల్ల తెర లేదు, గోల లేదు, గడియారం నిమిషం తేడా లేదు.

"పాతది ఏం జేద్దామక్కా?"

"తీస్కపో."

ఆ మధ్యాహ్నమే ఆటో ఎక్కి నాగోల్ పోయింది. తలుపు తీసిన తోడికోడలు వాసంతి తెల్లబోయింది. "ఇయ్యాల పద్నాలుగే గదక్కా!"

లింగమ్మ బాల్కనీలో కుర్చీలో కూర్చుని ఉంది. పక్కనే చారల సంచి.

"ఏంది బిడ్డా, మిషిన్ మళ్ల సతాయిస్తుందా?"

"దాన్ని తీసేసిన అత్తమ్మా. వేరేది పెట్టిచ్చిన. టైం తప్పుతలేదు."

లింగమ్మ ముఖం చిన్నబోయింది. "మంచిగైంది. ఇగ నాతోటి పనేమున్నది నీకు?"

"పనేం లేదు. గది చెప్పనీకే ఒచ్చిన. ఆ దినం నువ్వడిగితే నోరు రాలే. మొదలు మిషిన్ కోసమే అనుకున్న, అబద్ధమెందుకు. ఇప్పుడైతే..."

ఆపైన చెప్పకుండా చారల సంచిని చేతిలోకి తీసుకుంది. లింగమ్మ కోడలి ముఖంలోకి చూసింది. అక్కడ గోడకు గడియారం లేదు. దగ్గర ఫోనూ లేదు.

"మూడుకు పది నిమిషాలున్నది" అంది. "తిన్నవా?"

"లేదు."

"ఎప్పుడూ గిదే నీ కథ" అని కసిరి, లోపలికి కేకేసింది. "వాసంతీ, దీనికి ఇంత అన్నం పెట్టు. తిన్నంక ఇద్దరం పోతం."

కొత్తపేట చేరాక లింగమ్మ సంచిని మంచం మీద బోర్లించింది. చీరలు బీరువాలోకి పోయాయి. అన్నిటికన్నా అడుగున, గుడ్డలో చుట్టి, చేతి రాపిడికి నున్నగా అరిగిన, మగ్గంలో దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె ఒకటి ఉంది. దాన్ని కంప్యూటర్ పక్కన అరలో పెట్టింది. సాయంత్రానికల్లా సాంబమూర్తిగారి గోడ గడియారం వచ్చేసింది. శ్రవణ్ ఆదివారాలు తనే అమ్మను చూడటానికి రావడం మొదలుపెట్టాడు.

ఒకటో తారీఖున చారల సంచి రైతుబజారుకు పోయి, పుంటికూరా వంకాయలూ నింపుకుని వచ్చింది. అడుగంతా మట్టి.

"సంచి కరాబు జేసినవ్ గదనే" అంది లింగమ్మ.

"ఇగ సంచెందుకత్తమ్మా నీకు" అంది స్వరూపరాణి.