నానమ్మను చంపిన ఇంటర్వ్యూ

కష్టం లేని పిల్లకు కాలేజీలో సీటు రాదని ఇంటర్వ్యూకు తర్ఫీదు ఇచ్చే మాస్టారు తేల్చేశాడు. మార్కులు అందరికీ ఉంటాయట, గుండె కరిగించే కష్టం ఒకటి ఉంటేనే ఎదుటివాళ్లు తలెత్తి చూస్తారట. ఫీజు పుచ్చుకున్న మనిషి మాట కదా, ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చుని కష్టం కోసం వెతికారు. నానమ్మ కొడుకు కళ్లజోళ్ల దుకాణం నిక్షేపంలా నడుస్తోంది. కోడలికి జలుబు కూడా అరుదు. మనవరాలు బుద్ధెరిగి పడ్డ పెద్ద కష్టం పన్ను పీకించుకోవడం.

"పోనీ, నన్ను చంపేయండి," అంది నానమ్మ, బఠాణీలు ఒలుస్తూ.

అదేం మాటమ్మా అన్నాడు కొడుకు. ఆ అనడంలో పస లేదు. మర్నాటికల్లా మాస్టారు ఆవిడ చావును ఖాయం చేశాడు.

ఇక రోజూ సాయంత్రం రిహార్సలే. కొడుకూ కోడలూ భోజనాల బల్లకు అటుపక్క కూర్చుని ప్రొఫెసర్లయిపోతారు. మనవరాలు గొంతు తగ్గించి, నానమ్మ పోయిన రాత్రే డాక్టరు కావాలనుకున్నానని మొదలుపెడుతుంది. నానమ్మకు మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత పట్టుదల వచ్చింది. గుండెపోటు వద్దంది, చటుక్కున పోతే ఏడవడానికి వ్యవధి ఉండదని. ఖర్చు గుర్తొచ్చి కాబోలు, ఆసుపత్రి వద్దంది కోడలు. చివరికి ఇంట్లోనే, మనవరాలి చెయ్యి పట్టుకుని పోయేలా కుదిరింది. చెయ్యి పట్టుకున్న చోట కాస్త ఆగమన్నాడు మాస్టారు. పిల్ల అక్కడ ఆగినప్పుడల్లా నానమ్మ తన చేతికేసి చూసుకునేది. ఈ పిల్ల నా చెయ్యి నిజంగా పట్టుకుని ఎన్నాళ్లయిందో అనుకునేది. పైకి మాత్రం ఇంకాస్త నెమ్మదిగా చెప్పమనేది.

ఇంటర్వ్యూ రోజున ఇంట్లో ఉండమంటే నానమ్మ వినలేదు. తన చావు ఎలా రక్తి కడుతుందో చూడొద్దూ? ఎవరైనా అడిగితే పక్కింటావిడనని చెబుతానని ఒప్పించి, కాలేజీ కారిడార్లో కొడుకు పక్కన బెంచీ మీద చతికిలబడింది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపలి మాటలు వినబడుతున్నాయి.

పిల్ల బాగానే చెప్పింది. ఆగవలసిన చోట ఆగింది కూడా. లోపలున్న పెద్ద మేడమ్ నిట్టూర్చింది.

"పొద్దుటి నుంచి వచ్చిన పిల్లలందరి నానమ్మలూ పోయారమ్మా. పోవడం సంగతి అలా ఉంచు. నీ వయసులో మీ నానమ్మ ఏం చేసేది?"

ఇది మాస్టారు నేర్పింది కాదు. పిల్లకు తెలియదు. నానమ్మ కొడుకు వైపు చూసింది. అతను తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. అతనికీ తెలియదు. ఇన్నాళ్లూ కూర్చుని తన చావుకు మెరుగులు దిద్దిన ఇంట్లో ఆ ఒక్క ముక్క ఎవరికీ తెలియదు. ఆవిడ మనసు చివుక్కుమంది.

"ఒక్క నిమిషం మేడమ్," అంది లోపల మనవరాలు. "బయటే ఉంది, అడిగి వస్తాను."

కొడుకు తల పట్టుకున్నాడు. పిల్ల గబగబా బయటికొచ్చాక గానీ తానేమందో దానికి తెలిసిరాలేదు. మొహం పాలిపోయింది. సీటు గల్లంతయినట్టే. అయినా వెనక్కి పోలేదు. వంగి నానమ్మ చెయ్యి పట్టుకుంది.

"నా వయసులో నువ్వేం చేసేదానివి నానమ్మా?"

"ఇలాంటి బెంచీ మీదే కూర్చున్నాను, సీటు కోసం. వచ్చింది కూడా. ఇంట్లోవాళ్లు పంపలేదు. టెలిఫోన్ ఆఫీసులో లైన్లు కలిపే పనిలో పెట్టారు." నానమ్మ ఆగింది, మాస్టారు చెప్పకుండానే. "ఈ మాట మీరు అడగడానికి నేను చావాల్సి వచ్చింది."

ఇద్దరినీ లోపలికి రమ్మని పిలిచింది మేడమ్. నానమ్మ మనవరాలి చెయ్యి వదలకుండానే లేచింది. పక్కింటావిడనని చెప్పే ఉద్దేశం ఆవిడకు ఇప్పుడు లేదు.