చెయ్యి తీసిన తర్వాత

మంగళవారం మధ్యాహ్నం రెండుంబావుకు మెదడు అలలు రికార్డు చేసే టెక్నీషియన్ సత్యశ్రీ ఈఈజీ తెర మీద మొదటి అల చూసింది.

మంచం మీద ఉన్నది పదేళ్ల క్రిస్టినా. పాలకొల్లు దగ్గర కాలవగట్టు మీద బండి వెనక నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. రాజమహేంద్రవరం ఆసుపత్రికి తెచ్చిన దగ్గర్నుంచి కళ్లు తెరవలేదు. మత్తుమందు ఆపేసినా తెరవలేదు. మెదడులో నిద్ర అలలు కనిపిస్తే కోలుకునే అవకాశం ఎక్కువని, లేకపోతే ఏమీ చెప్పలేనని డాక్టర్ శాంతికుమార్ పొద్దున నాయనమ్మ జ్ఞానమ్మతో అన్నాడు.

అల సెకనుకొకటి చొప్పున లేస్తోంది. సత్యశ్రీ కుర్చీ ముందుకు లాక్కుంది. అంతలో పక్కకు చూసింది. జ్ఞానమ్మ మనవరాలి భుజం మీద జోకొడుతోంది. అదే వేగం. మంచం కదిలితే పిల్ల తలకు అంటించిన వైర్లు కదులుతాయి, తెర మీద అచ్చం ఇలాంటి గీతలే పడతాయి.

"మామ్మగారూ, చెయ్యి తీయండి."

"తీస్తే లేచిపోద్దమ్మా. పుట్టిన దగ్గర్నుంచీ అంతే."

"లేవాలనే కదండీ మన గోలంతా!"

జ్ఞానమ్మ నవ్వబోయి ఆగింది. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

అల ఆగలేదు. పైగా అల లేచిన చోటల్లా సన్నటి గీతలు గుత్తుగా వచ్చాయి. సత్యశ్రీ తెర ఆపి లెక్కపెట్టింది. సెకనుకు పదమూడు చొప్పున.

"సార్! చెయ్యి తీసినా ఉన్నాయి సార్!" అని వార్డంతా వినపడేలా అరిచింది.

శాంతికుమార్ భోజనం మధ్యలోంచి వచ్చాడు. ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, "ఏదీ, ఇంకోసారి చూపించు" అన్నాడు. ఆమె మూడుసార్లు చూపించింది.

"ఏంటండీ అయ్యి?" అంది జ్ఞానమ్మ.

"లోపల లక్షల కణాలు ఒక్కసారి ఊరుకుని, ఒక్కసారి లేస్తున్నాయండి. అదే నిద్రలో వచ్చే పెద్ద అల. లేచినప్పుడు కొన్ని కణాలు మిగతావాటిని ఆపుతూ వదులుతూ ఉంటాయి. అందుకే ఆ సన్న గీతలు ఒకే లయలో వస్తున్నాయి. ఇంకా లోతుల్లో ఇంతకన్నా వేగమైన అలలు నడుస్తాయండి, అవి ఈ వైర్లకు అందవు."

"వాటికి ఎవరు చెప్తారండీ?"

"ఎవరూ చెప్పరండి. ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి."

"మరి లేస్తదా?"

"మాటివ్వలేనండి. నిన్నటికన్నా ఇవాళ ఆశ ఎక్కువ."

నాలుగింటికి సత్యశ్రీ మళ్లీ రికార్డు చేసింది. ఈసారి జ్ఞానమ్మను తలుపు బయటే నిలబెట్టింది. గీతలు వచ్చాయి. సత్యశ్రీ పరిగెత్తుకెళ్లి తలుపు తీసి, "ఉన్నాయండీ!" అంది.

గురువారం పొద్దున జ్ఞానమ్మ జోకొడుతుంటే క్రిస్టినా ఆ చేతిని పక్కకు తోసేసింది.