పైకి లేచిన చెయ్యి

ఆదివారం పొద్దున్నే ఫిల్మ్‌నగర్ గుట్ట వాలులో ఉన్న పోచయ్య రేకుల షెడ్డు వైపు వెళితే మొదట వినపడేవి చప్పట్లే. తండ్రులు, తల్లులు, పిల్లలు టైర్ల మధ్య కాళ్లు వేసుకుంటూ పరుగెత్తుతారు. తాడు పట్టుకుని పాకుతారు. దూలం మీద నడుస్తారు. చివరికి చెక్కగోడ ఎక్కి అవతలి ఇసుకలోకి దూకుతారు. ఎవరో ఒకరు ధబ్బున పడతారు. పడ్డవాళ్లు వెంటనే కుడిచెయ్యి పైకెత్తుతారు, అంతా చప్పట్లు కొడతారు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేదో! ఆ ముచ్చట మాటున ఒక చెడ్డ అలవాటు దాగుందని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

పోచయ్య సినిమా ఫైటర్. కాపురం రహమత్ నగర్‌లో, కిరాయి ఇంట్లో. హీరోల బదులు మేడల మీంచి దూకీ, అద్దాలు పగలగొట్టుకునీ బతికిన మనిషి. వయసు మీద పడేసరికి పిలుపులు తగ్గాయి. తొంభైల నాటికి జూబ్లీహిల్స్ కుటుంబాలకు వ్యాయామం మీద మోజు పెరుగుతోంది. అది చూసి తనకు వచ్చిన విద్యనే ఆటగా మార్చి, ఇంటిల్లిపాదికీ నేర్పడం మొదలుపెట్టాడు.

కొత్తగా ఎవరొచ్చినా మొదటి పాఠం ఒకటే.

"ఎక్కుడు, దుంకుడు తర్వాత. పడంగనే చెయ్యి లేపాలె. షూటింగ్‌ల గంతే. ఫైటర్ పడ్డడంటే అందరు ఆని చెయ్యి దిక్కే చూస్తరు. లేపిండా, ఓకే. లేపలేదా, రేపు ఆని జాగల ఇంకొకడుంటడు."

భార్యాపిల్లలతో వచ్చే ప్రొడక్షన్ మేనేజర్ సూర్యప్రకాశరావు ఒకసారి నవ్వుతూ అడిగాడు. "అయితే మాస్టారూ, ప్రాణం పోయినా చెయ్యి మాత్రం లేపాలంటారు?"

"మంచి ఫైటరైతే లేపుతడు సార్!" అన్నాడు పోచయ్య. అందరూ పగలబడి నవ్వారు.

పోచయ్యకు ఒక్కతే కూతురు, మంజులత. ఇంటర్ అయిపోయింది. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఒకటే కోరిక.

"హీరోయిన్లకు డూపులంటే మొగోళ్లే చీరలు కట్టుకొని దుంకుతున్నరు. నేనుండంగ గా మీసాలోళ్లెందుకు నాయినా?"

తల్లి భూలక్ష్మి వద్దని మొత్తుకుంది. పోచయ్యకు మాత్రం లోలోపల గర్వం. చివరికి సరేనన్నాడు, ఒక షరతు మీద. "నొస్తుందని ఒక్కపారి అన్నవనుకో, గా దినమే బంద్. మళ్ల గోడ ముట్టనియ్య."

మంజులత మొదలుపెట్టిన రోజుకు ముందు రాత్రి వాన కురిసింది. గోడ అవతలి ఇసుక గట్టిపడి ఉంది. దాన్ని తిరగేసి మెత్తగా చేయాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది. మంజులత టైర్లు దాటింది, తాడు పట్టుకుని పాకింది. గోడ పైకి ఎక్కాక కాలు జారి, కూర్చున్నట్టే ఆ గట్టి ఇసుక మీద పడింది. కళ్ల ముందు చీకటి కమ్మింది. అయినా చెయ్యి పైకి లేచింది.

"శభాష్ బిడ్డా!" అంటూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పోచయ్యే.

ఆ వారమంతా మంజులత గోడ పట్టుకుని లేచింది. నీళ్ల బిందె ఎత్తబోయి వదిలేసింది. అది భూలక్ష్మి కంటపడనే పడింది. మొగుడితో అంది.

"పోరి నడుస్తుంటే చూసినవా? జర దవాఖానకు తీస్కపోదాం."

"చెయ్యి లేపింది గదనే! నొస్తే లేపుతదా? నువ్వుత్తగ ఫికర్ చేస్తవు."

కూతుర్ని అడిగితే ఆమె నవ్వేసింది. "కొత్తల గట్లనే ఉంటదమ్మా. నాయినకు చెప్పకు, నీకు దండం పెడత."

మళ్లీ ఆదివారం వచ్చింది. మంజులత దూలం మీద నాలుగడుగులు వేసిందో లేదో, కాళ్లు పట్టు తప్పాయి. వెల్లకిలా పడింది. కుడిచెయ్యి లేచింది, జనం చప్పట్లు కొట్టారు. చెయ్యి అలాగే గాలిలో ఉంది, మనిషి మాత్రం లేవడం లేదు. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. చివరికి సూర్యప్రకాశరావు భార్య పుష్పవల్లి అరిచింది.

"అయ్యో, ఆ పిల్ల కాళ్లు కదలడం లేదండీ!"

సర్కారు దవాఖానలో డాక్టర్ అచ్యుతరామయ్య పెద్దాయన, నెమ్మదస్తుడు. ఎక్స్‌రే చూసి, వారం కిందటి దెబ్బ సంగతి భూలక్ష్మి నోట విని, మంచం పక్కన కూర్చుని అడిగాడు. "నొప్పిగా ఉందామ్మా?"

మంజులత పెదవి కొరుక్కుంటూ తండ్రి ముఖం చూసింది. "లేదు సార్" అంది.

డాక్టర్ ఆమె చూపు ఎటు పోయిందో గమనించి పోచయ్యను బయటికి పిలిచాడు. "వెన్నెముక మొదటిసారే చిట్లింది. అప్పుడే తెచ్చుంటే పడుకోబెట్టి నయం చేసేవాళ్లం. ఇప్పుడు పక్కకు జరిగింది. నడిస్తే నడవొచ్చు, ఇదివరకటిలా మాత్రం కాదు. వారం ఎందుకాగారయ్యా?"

పోచయ్య లోపలికి వెళ్లి కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, నొస్తే నొస్తుందని చెప్పు. నేనేమనను."

"చెప్తే మళ్ల ఎక్కనిస్తవా నాయినా?"

ఆ మాటకు పోచయ్య మంచం కోడు పట్టుకుని బావురుమన్నాడు. తండ్రి ఏడవడం చూశాక మంజులత కూడా గొంతు విప్పి ఏడ్చింది. పడ్డ రోజు ఏడవాల్సిన ఏడుపు అది.

నెలలు గడిచాయి. మంజులత కర్ర పట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ నడుస్తోంది. మూతపడిన షెడ్డును తెరవమని సూర్యప్రకాశరావే వచ్చి బతిమాలాడు. తెరిచిన రోజు కొత్త కుటుంబాలు కూడా వచ్చాయి. మొదటి పాఠం కోసం అందరూ నిలబడ్డారు. కూతురు కుర్చీలో కూర్చుని, భూలక్ష్మి పక్కన నిలబడి చూస్తుండగా, పోచయ్య తానే ఇసుకలో పడుకున్నాడు. చెయ్యి లేపలేదు.

"నాకు మెడ నొస్తది" అన్నాడు. "ఏండ్ల సంది నొస్తున్నది. రాత్రుళ్లు నిద్ర పట్టది. పిలుపు పోతదని ఎవ్వరికి చెప్పలే. ఇంట్ల గూడ చెప్పలే."

భూలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గా దాసుకునుడే నా బిడ్డకు నేర్పిన. ఇగ గీడ పడ్డోళ్లు ముందు యాడ తగిలిందో చెప్పాలె. చెప్పినంక లేవాలె."

అలవాటు కొద్దీ ఒకతను చప్పట్లు కొట్టబోయాడు. పుష్పవల్లి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

అమ్మా, అయ్యా, ఇది ఒక్క ఫైటర్ ఇంటి కథ అనుకోకండి. మన ఇళ్లలో, మన పనుల్లో నొప్పిని మింగేవాళ్లనే మెచ్చుకుంటున్నాం, నోరు విప్పినవాళ్లను పక్కన పెడుతున్నాం. పడినవాళ్లు నవ్వుతూ చెయ్యి ఎత్తినా సరే, చప్పట్లు కొట్టే ముందు దగ్గరికి వెళ్లి, ఎక్కడ తగిలిందో అడగండి.