నంబరు లేని ఖానా

నాకంటే ముందు నా కోపం పుట్టిందని మా ఆవిడ ఐలమ్మ అంటుంది. అననివ్వండి. ముప్పై ఎనిమిదేళ్లుగా సూరత్‌లో మగ్గాల మాస్టర్‌ని నేను. బమ్రోలిలో మా శేఠ్ కార్ఖానాలో నలభై ఎనిమిది పవర్‌లూమ్‌లు ఉన్నాయి. ఏది ఎందుకు మొరాయిస్తుందో గేటు దగ్గర నిలబడి చప్పుడు విని చెప్పేస్తాను. అలాంటి సోమలింగం మూడు నెలలుగా ఒక విమానం సంగతి తేల్చలేక జుట్టు పీక్కుంటున్నాడంటే నవ్వొస్తుంది కదా, నవ్వండి.

విమానం మిలిటరీది. రెండు పంకాలు తిరిగే, సామాన్లు మోసే పాత రకం విమానం. కొండల మీద కాపలా కాసే సిపాయిలకు బియ్యం, మందులు, మనుషులు అన్నీ అదే మోస్తుంది. నా కొడుకు ఉమాకాంత్ ఈశాన్యంలో ఒక ఊళ్లో ఆ విమానాలకు రిపేర్లు చేస్తాడు. ఎక్కువగా కిందే ఉంటాడు గానీ, అప్పుడప్పుడు వాడూ పాన పట్టుకుని ఎక్కాల్సిందే. కోడలు ప్రసన్న, మనవరాలు అక్కడే క్వార్టర్లలో ఉంటారు.

వాడి ఇరవై ఏళ్ల బాండు ఈ జూన్‌తో తీరిపోతుంది. ఉంటానంటే ఇంకో ఆరేళ్లు, వద్దంటే ఇంటికి. ఏదో ఒకటి కాగితం మీద రాసివ్వాలి. నేను రమ్మన్నాను. వాడు "చూద్దాం బాపు" అన్నాడు. పండక్కి అడిగినా "చూద్దాం", హోలీకి అడిగినా "చూద్దాం". అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఊరికే అన్నారా!

ఏప్రిల్‌లో ఐలమ్మకు కరోనా వచ్చింది. గోడాదరాలో మా గల్లీలోనే నలుగురు పోయారు. ఆమెను తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద పెట్టారు, నన్ను గేటు లోపలికి కూడా రానివ్వలేదు. ఉమాకాంత్‌కు సెలవు దొరకలేదు. ఇంటికి తెచ్చాక కూడా మనిషి మంచం దిగలేదు. కళ్లు తెరిస్తే ఒకటే మాట: "నేను పోయేలోపు పోరన్ని కండ్లజూస్తనా?" పెళ్లయిన నాటి నుంచి నాతో పోట్లాడుతున్న మనిషి, గంజి చప్పగా ఉన్నా ఏమీ అనడం మానేసింది. నాకు భయమేసింది. దాచుకోవడం ఎందుకు, చాలా భయమేసింది.

అప్పటికే నేను వాణ్ణి రప్పించడానికి ఒక పని మొదలుపెట్టి ఉన్నాను. మా కార్ఖానాలో డ్యామేజీ బుక్కు అని ఒకటి ఉంటుంది. నేసిన బట్ట చుట్టలో, అంటే తాకాలో, తప్పు దొరికితే అందులో ఎక్కిస్తాం. తారీఖు, మగ్గం, ఏం తప్పు, కారణం, చివరి గడిలో, అంటే ఖానాలో, నేసిన కారీగర్ నంబరు. ప్రతి తాకా కొసన నీలి సుద్దతో కారీగర్ నంబరు రాసి ఉంటుంది, కాబట్టి ఎవడూ తప్పించుకోలేడు. మగ్గం మీదికి తోసేద్దామని చూసేవాళ్లకు నా దగ్గర ఒకటే జవాబు: "ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట!" దాంతో నోరు మూతపడేది.

ఆ రకం విమానానికీ అలాంటి బుక్కు ఒకటి రాద్దామనుకున్నాను. ఎన్నిసార్లు పడిందో, ఎంతమంది పోయారో ఒక్కచోట వరసగా చూపిస్తే ఏ కొడుకైనా మూటా ముల్లె సర్దుకుని వస్తాడని నా లెక్క. కారీగర్లు సగం మంది రైళ్లెక్కి ఒడిశా వెళ్లిపోయారు, మగ్గాలు ఆగిపోయాయి, నాకేం పని? ఫోన్‌లో పాత పేపర్లు వెతికాను, హిందీలో దొరికింది హిందీలో, తెలుగులో దొరికింది తెలుగులో. ముప్పై అయిదేళ్లలో పదిహేడు ప్రమాదాలు తేలాయి.

తేలాయి అన్నానే గానీ, ఏం తేలింది నా మొహం! ఒకటి సముద్రం మీద మబ్బుల్లో కనిపించకుండా పోయింది, ఒక్క రేకు ముక్క కూడా దొరకలేదు. ఒకటి మంచి ఎండలో రన్‌వే దాటి పొలంలోకి దూకింది, అందరూ దుమ్ము దులుపుకుని నడిచి వచ్చారు. పాత విమానాలు పడ్డాయిలే అనుకుంటే, కొత్త సామాను బిగించి వచ్చినది ఆ మరుసటి నెలలోనే కొండను గుద్దింది. మరీ పాతది, పడాల్సినది, ఇప్పటికీ తిరుగుతోందట. ఒక పేపరు మంచి విమానమే అంటుంది, ఇంకో పేపరు ఎగిరే శవపేటిక అంటుంది. పోనీ తప్పులెన్నో తెలిసింది, మంచి తాకాలెన్ని? అంటే ఎన్నివేల సార్లు లేచి ఎన్నివేల సార్లు క్షేమంగా దిగిందో ఎవడూ రాయలేదు. అది తెలియకుండా మగ్గం మంచిదో చెడ్డదో ఎలా చెప్పమంటారు?

అన్నిటికంటే నా ఒళ్లు మండించింది కారణం ఖానా. పదిహేడింటిలో ఆరింటికి "కారణం తెలియరాలేదు". తెలియరాకపోవడమేమిటి? నా కార్ఖానాలో ఎవడైనా ఆ మాట అంటే బయటికి గెంటేసేవాణ్ణి. ఇక కారీగర్ నంబరు ఖానా అయితే పైనుంచి కిందిదాకా ఖాళీ. బుక్కు తెరిచినప్పుడల్లా నాకు పిచ్చెక్కేది.

కాగితం ఇవ్వాల్సిన ఆఖరి రోజు మే నెలలో వచ్చింది. పొద్దున పదకొండింటికి వాడే ఫోన్ చేశాడు. వీడియోలో మొహం నల్లబడి ఉంది, వెనకాల ట్రాక్టర్ లాంటిదేదో ఆక్సిజన్ సిలిండర్లు లాగుతోంది.

"బాపు, రాసిన. వద్దనే రాసిన" అన్నాడు. "జూన్ ఆఖరుకు ముగ్గురం వచ్చేస్తం. నాలుగు గంటలకు ఆఫీసుల ఇయ్యాలె."

"నిజంగనారా?"

"అమ్మను చూడాలె గద బాపు."

నేను లోపలి గదివైపు తిరిగి వాడకట్టంతా వినిపించేలా అరిచాను. "ఐలవ్వా! ఓ ఐలవ్వా! వస్తుండే నీ కొడుకు! జూన్‌ల వస్తుండు!"

లోపల మంచం కిర్రుమంది. "నా అయ్య, నా బంగారు కొండ" అని గొంతు వినబడింది. కాసేపటికి వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలైంది. పన్నెండు రోజులుగా లేవని మనిషి లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అక్కడితో ఫోన్ పెట్టేసి ఉంటే అయిపోయేది. కానీ నా బుద్ధి ఊరుకుంటుందా? ఖాళీ ఖానా దురద.

"ఎట్లాగూ లైన్ల ఉన్నవు గద, ఒక్కటి చెప్పు" అన్నాను. "మీ విమానానికి నేనొక డ్యామేజీ బుక్కు రాసిన. గిప్పుడు దాని పని లేదనుకో. అయినా ఊకె, తెల్సుకుందామని. పదకొండోది మీ ఊరిదే, ఎనిమిదేండ్ల కిందటిది. కొండకు గుద్దుకున్నది, తొమ్మిది మంది పోయిండ్రు. కారణం తెల్వదని రాసిండ్రు, పోనీ. నంబరెవలిది?"

"నంబరంటే?"

"అగో, మర్చిపోయినవా? తాకా కొసకు కారీగర్ నంబరు రాస్తం గద. గట్లనే విమానం లేచేముంగట ఎవడో ఒకడు చూసి, అంతా మంచిగున్నదని సంతకం పెడ్తడు గద. వాడెవడు?"

వీడియోలో వాడి బొమ్మ బిగుసుకుపోయింది. సిగ్నల్ పోయిందేమోనని ఫోన్ తట్టాను. వాడి కనురెప్పలు కదులుతున్నాయి.

"నాదే బాపు" అన్నాడు.

"ఏంది నీది?"

"నంబరు. గా పొద్దు చూసింది నేనే, సంతకం పెట్టింది నేనే. గా పెన్ను జేబుల పెట్టుకోబోతుంటే విమానంల పోయే ఇంజినీరు సాబ్ అడిగి తీస్కున్నడు. వచ్చినంక ఇస్త అన్నడు. ఐదు రోజులకు కొండ మీద దొరికిండ్రు."

ఆ ప్రమాదం జరిగిన రోజు నేను వాడికి ఫోన్ చేశాను, "నేను మంచిగనే ఉన్న బాపు" అన్నాడు. వాడు బతికి ఉన్నాడు, నాకు అదే చాలనిపించింది, ఇంకేం అడగలేదు.

"ఎంక్వయిరీల ఏమన్నరు?"

"నాలుగుసార్లు పిలిచి అడిగిండ్రు. నా పనిల తప్పు లేదన్నరు. మబ్బో, గాలో, ఇంజినో, ఏమో, కారణం తేలలేదన్నరు." వాడు చేత్తో మొహం తుడుచుకున్నాడు. "వాళ్లు అన్నరు బాపు. కానీ నేను ఎవని కొడుకును? నాలుగో మగ్గం యాదికున్నదా? పదో తరగతి పరీక్షలు రాసినంక నీతోని కార్ఖానకు వచ్చిన. నా తాకా పాడైతే, మగ్గంల ఏదో ఉన్నది బాపు అన్న. అందరి ముంగట నువ్వేమన్నవు? ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట అన్నవు. అందరు నవ్విండ్రు. ఎనిమిదేండ్ల సంది గా మాటనే చెవుల తిరుగుతుంది. తప్పున్నదంటే నంబరుంటది. ఉన్న నంబరు నాది ఒక్కటే. రోజు ఒక్క సంతకానికి నాలుగుసార్లు తిరిగి చూస్తున్న. ఇగ నాతోని కాదు. గందుకే వస్తున్న."

వంటింట్లోంచి మాడుతున్న నువ్వుల వాసన వచ్చింది. ఐలమ్మ సర్వపిండి మొదలుపెట్టినట్టుంది.

నేను నోరు మూసుకుంటే చాలు, సాయంత్రం నాలుగింటికి కాగితం వెళ్లిపోతుంది, జూన్‌లో కొడుకు ఇంట్లో ఉంటాడు. ఇంట్లో ఉంటాడు గానీ ఎలా ఉంటాడు? తొమ్మిది మందిని చంపానని నమ్మినవాడు నా ఎదుట కూర్చుని అన్నం ఎలా తింటాడు? అయినా వాడి తప్పు కాదని నేనెలా చెప్పను? నాకు విమానం గురించి ఏం తెలుసు? తప్పు ఉందేమో, లేదేమో. తెలిసిందల్లా ఒక్కటే, అది కూడా ఇరవై నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పనిది.

"ఉమా" అన్నాను. "నాలుగో మగ్గం సంగతి నాకు యాదికున్నది. తెల్లారి ఎవలు రాకముందే పోయి దాన్ని ఇప్పి చూసిన. అటూ ఇటూ ఉరికే నాడెను కొట్టే కర్ర లోపల పగిలి ఉన్నది. అందుకే నాడె నడుమ ఆగి పోగులన్ని తెంపింది. నీ తప్పు లేకుండె. మద్దెల ఓడే ఉండెరా."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నోరు రాలే. అందరి ముంగట తిట్టిన గద, మల్ల అందరి ముంగట నాది తప్పని అంటే మాస్టర్ మాట ఎవడింటడని... కర్ర మార్చి ఊకున్న. బుక్కుల నీ నంబరే ఉండిపోయింది."

వాడు రెప్ప వేయకుండా చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మీ విమానం సంగతి నాకు తెల్వదు బిడ్డా" అన్నాను. నా జీవితంలో తెల్వదు అన్నది అదే మొదటిసారి కావచ్చు. "నాకే కాదు, ఎవలకు తెల్వదు. తెల్వని కాడ నీ నంబరు రాసుకోకు. మీ బాపు మాట పట్టుకొని అస్సలు రాసుకోకు. వాడు పెద్ద మొండోడు."

ఉమాకాంత్ ఏడ్చాడు. ముప్పై తొమ్మిదేళ్లవాడు భుజాలు ఊగిపోయేలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, వంటింట్లోకి వినబడకుండా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని.

వెనకనుంచి ఎవరో హిందీలో వాడి పేరు పెట్టి పిలిచారు. వాడు ముక్కు తుడుచుకున్నాడు.

"పిలుస్తుండ్రు. సిలిండర్లు ఎక్కినయి. నేను చూసి సంతకం పెడితేనే లేస్తది. సగం మంది కరోనాతోని పడుకున్నరు బాపు, చూసేటోడు లేడు."

"పో మరి. మంచిగ చూడు."

వాడు కదల్లేదు. "బాపు, అమ్మ కోసం వస్తున్న అన్న గద. అబద్ధం. భయానికి వస్తుంటి."

"ఎరుకైంది తియ్."

"నాకు గీ పని వస్తది బాపు. మంచిగ వస్తది." జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "గా కాయితం చింపేస్త. ఇంకోటి రాస్త. సెలవు దొరకంగనే వచ్చి అమ్మను చూసిపోత. అమ్మకు... నువ్వే చెప్పు."

ఫోన్ ఆగిపోయింది. నేను గోడకు చేరగిలబడి కూర్చున్నాను. మంచి పని చేశానా, ఇల్లు ముంచే పని చేశానా, నాకు అర్థం కాలేదు. నేను నోరు విప్పకపోతే వచ్చేవాడు, అది మాత్రం ఖాయం.

లేచి వంటింట్లోకి వెళ్లాను. ఐలమ్మ ఒక చేత్తో గట్టు పట్టుకుని నిలబడి, ఇంకో చేత్తో గిన్నె అడుగున పిండి ఒత్తుతోంది. రొప్పుతోంది గానీ ముఖం కళకళలాడుతోంది. జుట్టు కూడా ముడేసుకుంది.

"పిల్లకు కారం తక్కువేసి అలవాటు చెయ్యాలె" అంది. "ఇంతకు ఏ తారీఖు వస్తరట?"

"ఆరేండ్లకు" అన్నాను.

"థూ, నీ ఎకసెక్కాలు పాడుగాను!" అని ఐలమ్మ నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు. నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ మళ్లీ నవ్వి, పిండి చేత్తోనే నన్ను పక్కకు నెట్టింది. "జరుగు, నువ్వు అడ్డముంటే పని కాదు. తారీఖు చెప్పమంటే..."

నేను జరగలేదు. మళ్లీ చెప్పడానికి నోరు తెరిచాను.