చిటికెన వేలంత

ముప్పై ఒక్క ఏళ్లలో నేను కుట్టిన కోటు ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మొన్న సోమవారం పొద్దున్నే నాలుగు వేల గడ్డలు ఒక్కసారిగా వెనక్కి వచ్చిపడ్డాయి.

గడ్డలంటే మనుషుల ఒంట్లో పెరిగేవి. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో. దర్జీదానికి గడ్డలతో ఏం పనీ అంటారా? మొదట్లో నేనూ అదే అడిగాను. నా మాట ఎవరు పట్టించుకున్నారు కనుక!

ఈ ఆస్పత్రి కింది అంతస్తులో, బట్టలుతికే గది పక్కన ఉన్న కుట్టు గది మాది. నాదీ, నా తోడికోడలిదీ. డాక్టర్ల తెల్లకోట్లు, రోగుల గౌన్లు, దిండు గలీబులు, అన్నీ మా చేతుల్లోంచే పైకి వెళ్లేవి. మాకంటే ముందు మా అత్తగారు ఇదే గదిలో కూర్చుని కుట్టేది. ఇద్దరు కోడళ్లకీ పని నేర్పింది ఆవిడే. తర్వాత రెడీమేడ్ కోట్లు అట్టపెట్టెల్లో దిగడం మొదలైంది. చంక దగ్గర పట్టేస్తాయి, చెయ్యెత్తితే చిరుగుతాయి, జేబులో పెన్ను నిలవదు. అయినా అవే కావాలట. మా మిషన్ల మీద గుడ్డ కప్పి, ఇద్దరం గోడకేసి చూస్తూ కూర్చునేవాళ్లం.

అలాంటి రోజుల్లో స్కానింగ్ డాక్టరమ్మ గుండీ కుట్టించుకోవడానికి కిందికి వచ్చింది. ఈవిడ కళ్లజోడు ఎప్పుడూ నెత్తిమీద ఉంటుంది. ఈవిడ ఎప్పుడూ దానికోసం వెతుకుతూ ఉంటుంది. నేను గుండీ కుట్టేలోగా బల్లమీది గుడ్డ చూసింది. దానిమీద నా సుద్దగీతలు చూసింది.

"ఇంత నున్నగా ఎలా గీస్తారండీ?"

"చేత్తో," అన్నాను.

వారం తిరిగేసరికి మమ్మల్ని రెండో అంతస్తుకి ఎక్కించి కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టింది. ఆవిడ ఒక యంత్రానికి గడ్డలు కనిపెట్టడం నేర్పుతోందట. దానికి పుస్తకం ఇస్తే చదవదు, తిడితే వినదు. స్కాన్ బొమ్మలు వేలకొద్దీ చూపించాలి. ప్రతి బొమ్మలోనూ గడ్డ అంచు వెంబడి గీత గీసి, ఇదిగో ఇదీ గడ్డ అని చూపిస్తూ పోతే, కొన్నాళ్లకి కొత్త బొమ్మ పెట్టినా తనంతట తనే పట్టేస్తుందట. గడ్డ ఎక్కడుందో డాక్టరమ్మ చుక్క పెడుతుంది. చుట్టూ గీత మేం గీయాలి.

"దీన్ని డీప్ లెర్నింగ్ అంటారు. లోతుగా నేర్చుకోవడం అన్నమాట," అంది.

"ఎంత లోతమ్మా?" అని అడిగింది నా తోడికోడలు. దాన్ని ఇంట్లో అందరూ చిన్నది అంటారు. దానికి యాభై రెండేళ్లు.

నాకు మాత్రం అందులో వింతేం కనిపించలేదు. మా గదికి పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లా అలాగే నేర్చుకుంది. చూసి, చూసి, మళ్లీ చూసి, తిట్లు తిని. అందుకే ఆ యంత్రానికి కొత్తపిల్ల అని పేరు పెట్టాను. తిండి అడగదు, సెలవు అడగదు, ఎదురు చెప్పదు. చిన్నదానికంటే వెయ్యి రెట్లు నయం.

ఏడాదిలో ఇద్దరం కలిసి నాలుగు వేలు గీశాం. డాక్టరమ్మ ప్రతిదీ చూసేది. కానీ ఆవిడ చూసేది సరైనదాని చుట్టూ గీశామా లేదా అని. అంచు కొలుచుకుంటూ కూర్చునే తీరిక ఆవిడకెక్కడిది?

ఇక సోమవారం సంగతి. డాక్టరమ్మ మొహం వేలాడేసుకుని వచ్చింది. వెనకాల కంప్యూటరాయన. మనిషి ఎంత పొడుగంటే, తలుపు దాటినప్పుడల్లా వంగుతాడు. ఆయన వినకుండా మేం నిచ్చెన అంటాం.

"కొత్తపిల్ల ఒక్క గడ్డని కూడా వదలడం లేదు," అంది డాక్టరమ్మ. మేం పొంగిపోబోయాం. "కానీ ప్రతిదాన్నీ లావు చేసి చూపిస్తోంది. బఠాణీ గింజంత ఉన్నదాన్ని గోళీకాయంత అంటోంది. ఎక్కడ పొరపాటా అని వెతికితే, మీరు గీసిన బొమ్మల్లోనే ఉంది. గీతలు అంచు మీద లేవమ్మా. అంచుకి బయట ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, అన్నీ."

నేను కళ్లు నులుముకుని తెరవైపు చూశాను.

"శుక్రవారం సర్జన్ గారూ, ఆస్పత్రి పెద్దసారూ వచ్చి చూస్తారు. ఇలాగే ఉంటే, ఇక కట్టిపెట్టమంటారు. నా ఐదేళ్ల కష్టం మట్టిపాలే." మా రెండు కుర్చీల సంగతి ఆవిడ ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు, మాకు తెలుసు.

గబుక్కున చిన్నదాని మీదికి తిరిగాను. "ఏమే! కళ్లు ఎక్కడ పెట్టుకుని గీశావే తల్లీ?"

"నన్నంటావేంటక్కా? నువ్వెలా గీస్తే నేనూ అలాగే గీశాను!"

"నేను గీస్తే గీత గీతే! వాచ్‌మన్ కోటు మర్చిపోయావా?"

"అది నీ వల్లే!"

"నీ వల్లే!"

వాచ్‌మన్ కోటు గొడవ మా ఇంట్లో పదిహేనేళ్లుగా నడుస్తోంది. నేను కుట్టుకోసం గుడ్డ వదిలే సుద్దగీత గీశాను. ఆ సంగతి అడగకుండా చిన్నది నా గీతకి బయట మళ్లీ గుడ్డ వదిలి కత్తిరించింది. ఆ కోటు తొడుక్కుంటే వాచ్‌మన్ డేరాలోంచి తల బయటపెట్టినట్టు ఉన్నాడు. పాపం వెనక్కివ్వలేదు, చలికాలం వెచ్చగా ఉంటుందన్నాడు. అందుకే అది నా లెక్కలోకి రాదు.

నిచ్చెన మెల్లగా దగ్గాడు. "మేడం, గొడవ తర్వాత పడుదురు గానీ, ఒక్కసారి గీసి చూపిస్తారా?"

చిన్నది మౌస్ పట్టుకుంది. గడ్డ అంచు చూసుకుంది. దానికి కాస్త బయటగా, చుట్టూ, చక్కగా గీసింది.

"అంచు అక్కడుంటే గీత ఇక్కడెందుకు మేడం?"

"అంచు మీదే గీస్తే కుట్టడానికి ఏం మిగులుతుంది సార్?" అంది చిన్నది, ఇంత చదువుకుని ఇదీ తెలీదా అన్నట్టు.

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "ఏంటీ? గడ్డకి... కుట్టుకోసం గుడ్డ వదిలారా?"

"మరి రేపు కాస్త ఒళ్లు చేస్తే కుట్టు విప్పుకోవద్దూ?"

ఆ మాట అన్నది నేను. అన్నాక నాలిక్కరుచుకున్నాను. ఏడాదిపాటు కళ్లప్పగించి గడ్డల్నే చూశానా, నా చెయ్యి మాత్రం కోట్లే కుడుతోంది! డాక్టరమ్మకి ముందు ఏడుపొచ్చినంత పనైంది, తర్వాత నవ్వొచ్చింది. ఎంత నవ్విందంటే నెత్తిమీది కళ్లజోడు జారి ఒళ్లో పడింది. "ఇక్కడే ఉందా!" అంది.

నవ్వనివాడు నిచ్చెన ఒక్కడే. "ఎంత వదిలారు? అన్నిటికీ ఒకేలా వదిలి ఉంటే భయం లేదు. గంటలో గీతలన్నీ అంత మేరా లోపలికి లాగేస్తాను."

"ఒకేలానా?" నాకు ఒళ్లు మండింది. "మా అత్తగారు చిటికెన వేలు పెట్టి కొలిచేది. చిటికెన వేలంత వదలాలి. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, చెక్క స్కేలుతో వేళ్లమీద ఒక్కటిచ్చేది. బొమ్మ చిన్నది కాబట్టి చెయ్యి తనే తగ్గించి వదిలి ఉంటుంది. కొలుచుకోండి! తేడా ఉంటే ఈ కుర్చీలో మళ్లీ కూర్చోను!"

మధ్యాహ్నానికి నిచ్చెన ఒక కాగితం పట్టుకొచ్చాడు.

"చిన్న మేడం గీసినవి రెండు వేలు. ప్రతిదానికీ అంచు బయట తెరమీద ఆరు చుక్కల వెడల్పు వదిలారు. ఐదు కాదు, ఏడు కాదు. నేనెప్పుడూ ఇలాంటిది చూడలేదు." చిన్నదాని మెడ బెత్తెడు పొడుగు సాగింది. "పెద్ద మేడం గీసినవి... ఊపిరితిత్తులకి ఆరు. మూత్రపిండాలకి ఆరు. లివర్ దగ్గర మాత్రం పన్నెండు, పదిహేను, ఒకచోట ఇరవై రెండు. అలాంటివి రెండొందల పన్నెండు ఉన్నాయి. వీటిని ఎంత లోపలికి లాగాలో నాకు అర్థం కావడం లేదు."

ఇంకో రోజైతే చిన్నది నన్ను ఏడాదిపాటు దెప్పేది. ఆ వేళ కాగితం వంక చూసి, నా వంక చూసి, తల దించుకుంది. దానికి తెలుసు.

మా అత్తగారికి గడ్డ వచ్చిందీ లివర్‌లోనే. తొమ్మిదేళ్ల కిందట, వేరే ఊళ్లో, వేరే ఆస్పత్రిలో కోశారు. అంతా తీసేశామన్నారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే, కోసిన అంచు దగ్గరే మళ్లీ వచ్చింది. ముక్కులో గొట్టం పెట్టుకుని పడుకుని నన్ను దగ్గరికి రమ్మంది. "వాడెవడో గీతమీదే కత్తిరించాడే. నా దగ్గర పని నేర్చుకుని ఉంటే వేళ్లు విరగ్గొట్టేదాన్ని," అంది. ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. ఆ వారంలోనే పోయింది.

అదీ సంగతి. లివర్ బొమ్మ వచ్చినప్పుడల్లా నా చెయ్యి ఆవిడ కోసం ఇంకాస్త బయటికి, ఇంకాస్త బయటికి పోయింది. నాకు తెలియనే లేదు. సిగ్గేసింది, దుఃఖం వచ్చింది. రెండూ కలిసి నోట్లోంచి కోపంగా బయటపడ్డాయి.

"ఎక్కువ వదిలితే తప్పేంటి?" అని డాక్టరమ్మ మీద విరుచుకుపడ్డాను. "తక్కువైతే ప్రాణం పోయింది. ఎక్కువైతే ఎవరు చచ్చారు?"

ఆవిడ కోప్పడలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"కోసేటప్పుడు సర్జన్ ఎలాగూ చుట్టూ కొంత వదిలే కోస్తారమ్మా. అది ఆయన పని. మీరూ వదిలి, ఆయనా వదిలితే, మంచి లివర్ ఎంత పోతుందో చూడండి. ఇంకో సంగతి. గడ్డ మరీ పెద్దదిగా కనిపిస్తే, కోశాక మిగిలేది చాలదని అసలు కోయనే కోయరు. బతకాల్సిన మనిషిని ఇంటికి పంపేస్తారు."

వాచ్‌మన్ కోటు కళ్లముందు ఆడింది. ఇద్దరం చెరోసారి వదిలాం. అది కోటు కాబట్టి ఆయన నవ్వుకుంటూ తొడుక్కున్నాడు. నేను ముక్కు చీదుకున్నాను.

"ఆ రెండొందల పన్నెండూ ఇటు పెట్టండి. మళ్లీ గీస్తాను."

గీస్తానన్నంత తేలిక కాదు. మంగళవారం మొదటి బొమ్మ తెరిచాను. అంచు మీద పెట్టిన మౌస్ సగం దూరం బుద్ధిగా నడిచింది, తర్వాత తోక ఊపుకుంటూ బయటికి పోయింది. చెరిపి మళ్లీ గీశాను. మళ్లీ పోయింది. నా చెయ్యే నా మాట వినకపోతే ఇక ఎవర్ని తిట్టను?

చిన్నది లేచి కిందికి వెళ్లింది. వచ్చేటప్పుడు అత్తగారి చెక్క స్కేలు తెచ్చింది. నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మౌస్ గీత దాటగానే నా వేళ్లమీద ఫట్టున ఒక్కటిచ్చింది.

"అబ్బా! చంపేశావు కదే!"

"బయటికి పోయావక్కా."

"వెంట్రుకవాసే కదే!"

"అత్తయ్య అయితే వెంట్రుకవాసికి రెండిచ్చేది. నేను ఒకటే ఇచ్చాను."

దీనికోసం ముప్పై ఏళ్లుగా ఎదురుచూసి ఉంటుంది, దొంగమొహంది. ఒక్కో దెబ్బా ఎంత ఆనందంగా కొట్టిందో! బుధవారానికి నా వేళ్లు వాచాయి. కట్టు కట్టిన నర్సు, "ఆ యంత్రం కరుస్తుందా?" అని అడిగింది. కానీ దెబ్బలు తగ్గుతూ వచ్చాయి. గీత అంచుమీద ముగిసినప్పుడల్లా లోలోపల అత్తగారికి క్షమాపణ చెప్పుకున్నాను. యాభై దాటాక మానేశాను. ఆవిడకి అసలే విసుగెక్కువ.

గురువారం మధ్యాహ్నానికి రెండొందల పన్నెండూ పూర్తయ్యాయి. మిగతావాటిని నిచ్చెన ఆరేసి చుక్కలు లోపలికి లాగాడు. అన్నీ కలిపి కొత్తపిల్లకి మొదటినుంచీ నేర్పడానికి కూర్చున్నాడు. ఆఖరి బొమ్మ మూసేటప్పుడు చిన్నది నా వాచిన వేళ్లు తన చేతుల్లోకి తీసుకుని ఊదింది. నేను తిట్టలేదు.

శుక్రవారం పెద్ద గదిలో అందరూ చేరారు. పెద్దసారు రెడీమేడ్ కోటులో బిగుసుకుని కూర్చున్నాడు. సర్జన్ మాత్రం ఎప్పుడో నేను కుట్టిన కోటే వేసుకున్నాడు. మోచేతి దగ్గర నేను వేసిన మాసిక ఇంకా అలాగే ఉంది. మనిషి మీద నాకు సగం నమ్మకం అక్కడే కుదిరింది.

డాక్టరమ్మ ఒక స్కాన్ తెరమీద పెట్టింది. కొత్తపిల్ల ఎప్పుడూ చూడనిది. లివర్. వచ్చే వారం కోయాల్సిన మనిషిదట. నేను చిన్నదాని చెయ్యి పట్టుకున్నాను. దమ్ము తీసి వదిలేంతలో పసుప్పచ్చ గీత గడ్డ చుట్టూ తిరిగి వచ్చి కలుసుకుంది. అంచు మీదే! సర్జన్ అంతకుముందే తన చేత్తో గీసి ఉంచిన గీతని దానిమీద పెట్టి చూశారు. రెండూ ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోయాయి.

"బాగుంది. వాడదాం," అన్నాడు సర్జన్. డాక్టరమ్మ నెత్తిమీంచి కళ్లజోడు తీసి, వెతక్కుండా, పెట్టుకుంది.

అందరూ లేస్తున్నారు. నేనుండబట్టలేకపోయాను.

"సార్, ఒక్క మాట. కొత్తపిల్ల చుట్టూ ఏమీ వదల్లేదు. సరిగ్గా అంచుమీదే గీసింది. మీరు కోసేటప్పుడు వదులుతారు కదా?"

ఈవిడెవరు అన్నట్టు పెద్దసారు చూశాడు. సర్జన్ మాత్రం నావైపు తిరిగి నిలబడ్డాడు.

"వదులుతానమ్మా."

"ఎంత?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, కుడిచెయ్యి పైకెత్తి, చిటికెన వేలు చూపించాడు. "దాదాపు ఈ వేలి మందం."

చిన్నది నా మోచెయ్యి గట్టిగా నొక్కింది. నా మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. నేరుగా వెళ్లి, అంతమంది ముందూ సర్జన్ చెయ్యి పట్టుకుని, ఆ వేలికి అడ్డంగా టేపు పెట్టి కొలిచాను. నాకు కళ్లు మసకబారి అంకె కనిపించలేదు. టేపు తుడిచి మళ్లీ కొలిచాను. మా అత్తగారి వేలికంటే ఒక గీత ఎక్కువే ఉంది.

"చాలు సార్," అన్నాను. "ఇక కోయండి."