ఎవరూ విత్తని తీగ

వడిసెలలో మట్టి ఉండ పెట్టి, తల చుట్టూ గిరగిర తిప్పి, జ్ఞానమణి తాడు కొస వదిలింది. ఉండ జొన్న ఎన్నుల మీదుగా రివ్వుమని పోయి తూర్పు గట్టు దగ్గర పడింది. అక్కడ వాలిన పిచ్చుకలన్నీ ఒక్కసారిగా లేచి, గాలిలో ఒక చుట్టు తిరిగి, పడమటి వైపు వాలాయి.

"హోయ్... హోహోయ్!"

ఆమె ఒడిలోంచి ఇంకో ఉండ తీసింది. ఉండలు ఆమే చేసుకుంటుంది. సాయంత్రం నల్లమన్ను తడిపి పిసికి, మంచె కింద ఆరబెట్టి, పొద్దున ఒడిలో పోసుకుని పైకెక్కుతుంది. మంచె అంటే నాలుగు తుమ్మ గుంజల మీద కట్టిన పాత నులక మంచం. ఎక్కేటప్పుడు ఒక గుంజ కిర్రుమంటుంది. ఆ చప్పుడుకు పిచ్చుకలు అలవాటు పడిపోయాయి.

జ్ఞానమణి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కుడి భుజం కొంచెం కిందికి వాలి ఉంటుంది. చీర మీద చనిపోయిన భర్త జోసెఫ్ చొక్కా వేసుకుంటుంది. చేతులు మడిచి మడిచి ఆ మడత దగ్గర బట్ట చిరిగింది. వడిసెల తాడు రాసుకునే వేలి మీద చర్మం చెప్పు అడుగులా గట్టిపడింది. జొన్న పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా ఆమె గొంతు బొంగురుగానే ఉంటుంది. ఆ నెలల్లో చర్చిలో అందరూ పాడుతుంటే ఆమె పెదవులు మాత్రం కదుపుతుంది. ఆమె గొంతంతా పిచ్చుకలకే అయిపోతుంది. ఇంట్లో మాట్లాడేందుకు ఎవరూ లేరు కాబట్టి అది పెద్ద లోటు అనిపించదు.

"వదినా! నీ గువ్వలన్నీ నా చేన్లోకి తోలుతాండావే!"

పక్క చేనులోని మంచె మీద నుంచి సిద్దమ్మ అరిచింది. మరిది పుల్లయ్య జొన్నకు ఆమె కాపలా. ఇద్దరిదీ ఒకే ఈడు. కులం వేరైనా మంచెల మీద వదినలే.

"నిన్న నువ్వు తోలినవే అవి. గుర్తుపట్టలేదా?" అంది జ్ఞానమణి.

"ఈ పొద్దు వస్తారంట గదా సర్వేయోళ్ళు?"

"వస్తామన్నారు."

"తల దువ్వుకున్యావా? ఫోటో తీస్తారంట!"

జ్ఞానమణి నవ్వి, తలగుడ్డ సర్దుకుంది. ఎడమ చెయ్యి భుజం నుంచి లాగుతున్నట్టుంది. వడిసెల తిప్పేది కుడి చెయ్యి కదా, ఇదెందుకు లాగుతుందో అనుకుంది.

ఆమె కూర్చున్న మంచె కిందున్న రెండెకరాలు ఒకప్పుడు జోసెఫ్ తండ్రికి సర్కారు పట్టా ఇచ్చిన భూమి. ఆమె పెళ్ళై వచ్చినప్పుడు అందులో కొర్ర ఉండేది. తర్వాత వానలు లేవు. జోసెఫ్, ఆమె మంగంపేట గనుల్లో పనికి పోయారు. ఆ ఊళ్ళో తెల్లటి రాయి దుమ్ము అన్నం మీద కూడా పడేది. వానలు పడ్డాయని విని తిరిగొచ్చేసరికి చేనులో, ఇప్పుడీ జొన్న వేసిన వీరభద్రారెడ్డి తండ్రి ఎద్దులు ఉన్నాయి.

"బీడు పడి ఉంటే దున్నినాం. మీకు ఎద్దులుండాయా, ఇత్తనాలుండాయా?" అన్నాడాయన.

లేవు. జోసెఫ్ ఆ చేనులోనే కూలికి దిగాడు. ఆమె కలుపు తీసింది. జోసెఫ్ జ్వరంతో పోయాక ఆమెకు కాపలా పని ఇచ్చారు. ఏళ్ళు గడిచాయి. ఎవరైనా అడిగితే ఆమె కూడా "రెడ్డి చేను" అనే చెప్పేది.

పేదలకిచ్చి చేతులు మారిపోయిన భూములను మళ్ళీ వాళ్ళకే అప్పగిస్తామని కిందటేడు గ్రామసభ పెట్టారు. మామ పేరు చదివినప్పుడు ఆమె లేవలేదు. వేరే ఎవరిదో అనుకుంది. సిద్దమ్మ మోచేత్తో పొడిస్తే లేచి నిలబడింది.

ఎండ ఎక్కాక మోటారు సైకిలు చప్పుడు వినబడింది. సర్వేయర్ హనుమేష్, వెనక రాళ్ళు వేసుకున్న ఒక ట్రాక్టరు, దాని వెంట వీరభద్రారెడ్డి వచ్చారు. హనుమేష్ చిన్నవాడు. టోపీ పెట్టుకున్నాడు. పొడుగాటి కడ్డీ మీద గొడుగులాంటి యంత్రం నిలబెట్టి చేనుకు నాలుగు మూలలా తిరిగాడు. కూలీలు గుంతలు తవ్వి రాళ్ళు పాతారు. జ్ఞానమణి మంచె దిగి ఆ వెంటే నడిచింది. నడుస్తూనే అప్పుడప్పుడు ఆగి ఉండ విసిరింది.

"నీ తర్వాత ఎవరుండారమ్మా?" అని హనుమేష్ అడిగాడు.

"ఈ పిచ్చిగువ్వలే నాయనా."

గట్టు మీదికి వచ్చి నిలబడ్డ సిద్దమ్మ పకపక నవ్వింది. హనుమేష్ నవ్వాలో వద్దో తెలియక ఫోన్ వైపు చూసుకున్నాడు. పిల్లలు పుట్టలేదని ఆమె విడిగా చెప్పలేదు.

"ఈ రాయి పక్కన నిలబడమ్మా. పట్టా కనపడేట్టు పట్టుకో. ఆ తాడు పక్కన పెట్టు."

ఆమె పట్టా కాగితం ఒక చేత్తో పట్టుకుంది. వడిసెల పక్కన పెట్టలేదు. సరిగ్గా అతను ఫోన్ ఎత్తినప్పుడు చేను నడుమ పిచ్చుకలు దిగాయి. ఆమె చెయ్యి దానంతట అదే లేచింది.

"కదలద్దు! చూడు, చెయ్యి చెదిరిపోయింది."

"తింటాండాయి నాయనా."

"ఇప్పుడు నీదే గదమ్మా భూమి. తిననీలే ఒక నిమిషం."

"పైరు నాది," అన్నాడు వీరభద్రారెడ్డి పక్కనుంచి. కోపంగా అనలేదు. "కోతయ్యేదాకా పంట నాదని ఎమ్మార్వో ముందర మాట్లాడుకున్యాం. కోసినాక చేను మణెమ్మది. అంతవరకూ కూలి నేనిస్తా, కాపలా ఆమెది. అంతేనా మణెమ్మా?"

"అంతేనప్పా."

రెండో ఫోటోలో ఆమె కదలలేదు. కాని కళ్ళు పక్కకు, ఎన్నుల వైపు చూస్తున్నాయి.

వాళ్ళు వెళ్ళేముందు వీరభద్రారెడ్డి చెప్పు మన్ను రాయికేసి రాచుకుంటూ అన్నాడు: "ఆదివారం మీ కోతల పండగ గదా. ఎప్పుడూ మాదిరే ఒక మోపు ఎన్నులు ఇరుచుకపో."

ఏటా ఆయన ఇచ్చిన మోపే ఆమె చర్చికి మోసుకుపోయేది. ఆ రోజు బలిపీఠం ముందర చాప పరుస్తారు. ఎవరి చేనులో పండింది వాళ్ళు తెచ్చి పెడతారు. పాస్టరు జ్ఞానరాజు ఒక్కొక్కరి పేరు చదువుతాడు. "జ్ఞానమణి, జొన్నలు" అని చదివినప్పుడు ఆమె తల వంచుకునేది. అవి ఎవరి జొన్నలో అక్కడున్న పిల్లలకు కూడా తెలుసు. గ్రామసభ జరిగిన రోజు నుంచి ఆమె మనసులో ఉన్నది ఒక్కటే. ఈసారి తనదే తేవాలి. ఎంతైనా సరే, తన చేనులోది.

"ఈసారి వద్దులేప్పా," అంది.

ఆయన ఆగి చూశాడు. "ఏందీ, అప్పుడే ఆసామివైపోయినావా?" అని, నవ్వేసి, బండెక్కాడు.

దుమ్ము సద్దుమణిగింది. జ్ఞానమణి మంచె మీద కూర్చుని రాగిసంగటి తిన్నది. సగమే తినబుద్ధయింది. చుట్టూ చూసింది. నాలుగు మూలలా తెల్లటి కొత్త రాళ్ళు. వాటి నడుమ ఉన్నదంతా ఆమె భూమి. ఆ భూమి మీద నిలబడ్డదంతా వేరేవాళ్ళ పైరు. పై ఏడు పండుగకు తెచ్చుకోవచ్చు కదా అని ఒకసారి అనుకుంది. ఎందుకో ఆ మాట గట్టిగా నిలబడలేదు. చేతి లాగుడు మెడ దాకా వచ్చింది.

మధ్యాహ్నం పిచ్చుకలు చెట్ల నీడకు పోతాయి. ఆ వేళ ఆమె మంచె దిగి సాళ్ళ మధ్య నడిచింది. చేను లోపల గాలి ఆడదు. జొన్న ఆకులు చొక్కాకు గీసుకుంటూ గరగరమన్నాయి. దక్షిణం రాయి దగ్గర జొన్న మొదళ్ళను అల్లుకుని ఒక తీగ కనిపించింది. ఆకులు గరుకుగా, ఎండకు ముడుచుకుని ఉన్నాయి. వాటి కింద నిమ్మకాయంత చారల కాయలు. బుడిమికాయలు.

బుడిమిని ఎవరూ విత్తరు. అదే మొలుస్తుంది, పైరు కింద పాకుతుంది. కలుపు తీసేవాళ్ళో కాపలావాళ్ళో తెంపుకుని పచ్చడి నూరుకుంటారు. ఏ ఆసామీ వాటి లెక్క అడగడు. ఈ చేనులోనే ఆమె ఎన్నోసార్లు ఒడినిండా తెంపుకుపోయింది.

వంగి చెయ్యి పెట్టబోయి ఆగింది. ఈ రోజు మొదటిసారి, ఎవరినైనా అడిగి తెంపాలి అనిపించింది. ఎవరిని అడగాలో అని అటూ ఇటూ చూసింది. జొన్నలు తప్ప ఎవరూ లేరు. జొన్నలు రెడ్డివి. ఈ తీగ రెడ్డి విత్తలేదు. అది మన్నులోంచి వచ్చింది. మన్ను...

జ్ఞానమణి అక్కడే, సాలు మధ్య, కింద కూర్చుండిపోయింది. కొంచెంసేపు ఊరికే తీగను చూసింది. తర్వాత మెల్లగా అంది: "తెంపుకోనా?"

గొంతు బొంగురుగా వచ్చింది. తనే జవాబు చెప్పింది.

"తెంపుకో."

పండు తిరిగినవి, గట్టివి చూసి కాసిన్ని తెంపింది. తలగుడ్డ విప్పి అందులో మూటకట్టి, మంచె ఎక్కి, గుంజకు తగిలించింది.

"సిద్దమ్మా! దొరికినాయి!" అని అరిచింది.

"ఏందివే?"

"ఆదివారానికి! బుడిమికాయలు!"

సిద్దమ్మ నవ్వు రెండు చేలకూ వినబడింది. "రెండెకరాల ఆసామి దేవునికి బుడిమికాయలు తీస్కపోతాదంట! మీ పాస్టరు పచ్చడి నూరుకుంటాడులే."

"నూరుకోనీ. నా చేన్లోవి."

సిద్దమ్మ తన చేనులోకి ఒక ఉండ విసిరింది. తర్వాత, "సరేలే వదినా, నేనూ వచ్చి చూస్తా. గడప బయటనే నిలబడతా," అంది.

"లోపలికే రా. ఎవరూ నిన్ను కొరకరు."

పొద్దు వాలాక పిచ్చుకలు మళ్ళీ వచ్చాయి. సాయంత్రం వాటికి ఆకలి ఎక్కువ. ఒకటి, రెండు, మూడు ఉండలు రివ్వున పోవడం సిద్దమ్మకు వినబడింది. "హోయ్" అన్న కేక ఒకసారి వినబడింది. తర్వాత సిద్దమ్మ తన గువ్వల గోలలో పడిపోయింది.

కొంతసేపటికి ఆమెకు ఏదో తేడాగా అనిపించింది. తన చేనులోకి పిచ్చుకలు రావడం లేదు. అటు నుంచి ఎవరూ తోలడం లేదు.

"వదినా! నిద్రపోయినావా? రెడ్డి చేను తింటాండాయి!"

జవాబు లేదు. పక్క చేను నిండా పిచ్చుకలు. ప్రతి ఎన్నూ ఊగుతోంది.

"వదినా! నీ చేను తింటాండాయే!"

సిద్దమ్మ మంచె దిగి, గట్టు దాటి పరుగెత్తింది. జ్ఞానమణి నులక మీద ఒక పక్కకు ఒరిగి, మోచేతి మీద తల పెట్టుకుని ఉంది. ముఖం చేను వైపే తిరిగి ఉంది. వేలికి వడిసెల ముడి అలాగే ఉంది. సిద్దమ్మ గుంజ పట్టుకుని పైకెక్కినప్పుడు అది కిర్రుమంది. ఒక్క పిచ్చుక కూడా లేవలేదు.

మర్నాడు జ్ఞానమణిని జోసెఫ్ పక్కన పూడ్చారు. మంచె మీదికి వీరభద్రారెడ్డి వేరే మనిషిని ఎక్కించాడు. దక్షిణం రాయి పక్క తీగ ఇంకా పచ్చగానే ఉంది.

ఆదివారం చర్చిలో పాటలు మొదలయ్యాక సిద్దమ్మ వచ్చి గడప బయట నిలబడింది. చేతిలో తలగుడ్డ మూట. లోపల చాప మీద గుమ్మడికాయలు, కందులు, కాళ్ళు కట్టిన ఒక కోడిపుంజు ఉన్నాయి. పాస్టరు జ్ఞానరాజు ఆమెను చూసి పుస్తకం మూసి దగ్గరికి వచ్చాడు.

"ఎవరివమ్మా ఇవి?"

"జ్ఞానమణివి," అంది సిద్దమ్మ. కొంచెం గట్టిగా, అందరికీ వినబడేట్టు మళ్ళీ అంది: "ఆమె చేన్లోవి."

చెప్పులు విడిచి, లోపలికి నడిచి, ఆమే మూటను చాప మీద పెట్టి ముడి విప్పింది. ఈ నాలుగు రోజుల్లో కాయలు పసుపుపచ్చగా మాగి వాసన వేస్తున్నాయి. వాటిలో ఒకదాని కడుపున, నేలకు ఆనుకున్న చోట, నల్లమన్ను ఇంకా అంటుకునే ఉంది.