చదువని పుటకు పెట్టిన సంతకము

శ్రావణమేఘములు పశ్చిమగోదావరీమండలమును మూడునాళ్లుగా విడువక తడుపుచుండెను. క్రొత్తగా నాటిన వరిచేలును చేపలచెఱువులును ఏది యేదియో తెలియకుండ నొక్కటే నీటిపలకయై భీమవరపట్టణమును చుట్టుకొని యుండగా గట్లపై గొడుగులు పట్టుకొని నిలిచిన జనులు మోకాలిలోతు బురదను మఱచి యఱచేతిలోని సెల్‌ఫోనునే తదేకధ్యానముతో చూచుచుండిరి. ఆకాశమునుండి పడు వానకు గొడుగు గలదు గాని యఱచేతిలోనుండి కురియు నజ్ఞానమునకు గొడుగు కనిపెట్టినవా డింకను పుట్టలేదు.

అట్టి యజ్ఞానమును మబ్బు లేకయే కురిపించు సంస్థ యొకటి ఆ పట్టణమున నొక మేడయొక్క మూడవ అంతస్తున 'అమృతఘటిక' యను పేర వెలసి యుండెను. దాని యధిపతి దివాకరుడు. వైద్యమన నెట్టిదో అతడెఱుగడు గాని వైద్యమును గూర్చి జనులు ఫోనులో నేమేమి వెదకుదురో గడియగడియకు నెఱుగును. అతని కొలువున నలుగురు పట్టభద్రులు కూర్చుండి పరుల వెబ్‌సైట్లలోని మాటలను ముక్కలు చేసి యతుకులు వైచి దినమునకు పదునైదు ఆరోగ్యపుటలు వండి వార్చుచుండిరి. సోమవారమున పసుపు సకలరోగములను కుదుర్చును; బుధవారమున అదే పసుపు కాలేయమును చెఱచును. రెంటిక్రిందను పాఠకమహాశయులు సమానభక్తితో చేతులు జోడించిన బొమ్మలు పెట్టి ధన్యవాదములు తెలుపుచుండిరి.

ఆ కార్యాలయమున నొక విచిత్రమైన యాచారము గలదు. పుటలో నొక్క యక్షరమైనను పడకమునుపే దాని శిరోభాగమున తెల్లకోటు తొడిగి స్టెతస్కోపు మెడలో వైచుకొని చిఱునవ్వు నవ్వుచున్న డాక్టరు వేగేశ్న నీలాద్రిరాజుగారి బొమ్మయు దానిక్రింద 'వైద్యులచే పరిశీలింపబడినది' యను నాకుపచ్చని ముద్రయు వారి చేవ్రాలును సిద్ధముగా నుండెడివి. పరిశీలింపవలసిన విషయము తీరికగా తరువాత వచ్చి వానిక్రింద కూర్చుండెడిది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని పెద్దలు వేళాకోళమున కన్నమాట యచ్చట నిత్యవిధియై యుండెను.

నీలాద్రిరాజు ముప్పదియేండ్లు ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి హస్తవాసి గల వైద్యుడని పేరుపడి విశ్రాంతి గైకొన్నవాడు. విశ్రాంతిలో నతనికి కొఱతపడిన దొక్కటే: దారిలో కనబడి నమస్కరించువారు. దివాకరుడు దానిని పసిగట్టి శాలువ కప్పి యొక తెల్లకాగితముపై సంతకము చేయించుకొని పోయెను. పుటలను చూచి సరిదిద్దుటకై యొక పాస్‌వర్డును గూడ నిచ్చెను గాని ఆ పెద్దమనిషి దానిని వారము తిరుగకుండ మఱచి మరల నడుగుటకు నామోషీపడెను. ఏడాదిన్నరలో నెనిమిదివేల పుటలు అతని పేర వెలువడెను. వానిలో నతడు చదివినది సున్న. అయినను పెండ్లిపందిళ్లలో నెవరైన "మీ పేజీ రోజూ చూస్తన్నామండి" అన్నప్పుడెల్ల మీసము దువ్వుకొని వినయము నటించుచుండెను. ఇట్టివానిని వైద్యుడనుటకంటె గోడకు కొట్టిన పటమనుట మేలు.

ఒకనాటి యుదయమున ఆకివీడునుండి హైమవతి యతనికి ఫోను చేసెను. ఆమె యతని చెల్లెలు నరసాయమ్మకు కోడలు. నరసాయమ్మ పదునాలుగేండ్లుగా చక్కెరవ్యాధికి దినమునకు రెండుమాఱులు ఇన్సులిన్ సూది వేయించుకొనుచు దాని బలముననే బ్రతుకుచున్నది.

"మావయ్యగారండీ, అత్తయ్యగారు రెండ్రోజుల్నించి సూది మానేశారండి. కాకరరసం తాగుతున్నారు. పొద్దున్న షుగరు మూడొందల ఎనభై ఉంది. నా మాట వినట్లేదండి. మీరు చెప్తేనే వింటారు."

"ఫోను తనకియ్యి" అని నీలాద్రిరాజు గద్దించెను. చెల్లెలి గొంతు వినబడగానే "అమ్మడూ, ఇప్పుడే సూది వేయించుకో, ఆ రసం పారబొయ్యి" అనెను.

నరసాయమ్మ పకపక నవ్వెను. "ఇరవైయొక్క రోజులు తాగితే ఇంక సూదే అక్కర్లేదని మీరే రాశారు కదన్నయ్యా! పైన మీ ఫోటో, మీ సంతకం. చూసి ఎంత పొంగిపోయానో! ఇంత మంచి మందు పద్నాలుగేళ్లు నాకు చెప్పకుండా దాచారేంటండి?"

అట్టి పుట యొకటి గలదని నీలాద్రిరాజు వినుట యదియే మొదలు. నే నది వ్రాయలేదని యొక్క వాక్యము చెప్పిన చాలును. ఆ వాక్యము నాలుకపైకి వచ్చినది గూడను. కాని తన్ను దేవవైద్యునిగా నెంచు ప్రాణి లోకమున నీ చెల్లె లొక్కతెయే మిగిలినదను తలంపు దానివెనుకనే వచ్చి దానిని మింగివేసెను. "అది అందరికీ పడదమ్మా. నీకు వద్దు" అని మాత్రమనెను.

"పేజీలో అందరికీ అనే ఉందండి. ఫోన్లో మీరు నా మీద బెంగతో అంటున్నారు గానీ, రాసేటప్పుడు స్థిమితంగా ఆలోచించే రాసుంటారు" అని యామె ఫోను పెట్టివేసెను.

చెల్లెలి ప్రాణము నొకవైపునను తన గొప్ప నొకవైపునను పెట్టి తూచి గొప్పయే బరువైనదని తేల్చుకొన్న యీ మహానుభావునిపట్ల చదువరులు జాలిపడ నక్కఱలేదు.

అతడు ఆకివీడుబస్సెక్కక తిన్నగా దివాకరుని కార్యాలయమునకు పోయెను. ఆ కాకరరసపుపుటను వెంటనే తీసివేయుమని కోరెను. దివాకరుడు కుర్చీ వేయించి కాఫీ తెప్పించి మిక్కిలి మర్యాదగా నవ్వెను.

"తీసేస్తే ఎలాగండి డాక్టరుగారూ? నాలుగు లక్షల మంది చూశారు. మన పేజీల్లో దాన్ని మించింది లేదు. పోనీ, మీ మాట కాదనలేక, అడుగున 'వైద్యుణ్ణి సంప్రదించండి' అని చిన్నక్షరాలతో వేయిస్తానండి."

నెత్తిమీద వైద్యుడు నవ్వుచుండగా కాళ్లకడ వైద్యుని వెదకుకొమ్మని చెప్పు నా పుటను చూచి నీలాద్రిరాజు సిగ్గుపడవలసినది. సిగ్గుపడలేదు. కాఫీ త్రాగి "సరే, అలాగే కానియ్యి" అని యింటికి వచ్చి పరుండెను.

మఱునాటి మధ్యాహ్నమున నరసాయమ్మకు వాంతులు పట్టుకొనెను. ప్రొద్దువాలునప్పటికి ఆమె యొగర్చుచు మనుష్యుల నానవాలు పట్టలేకపోయెను. హైమవతి యామెను కారులో వేసుకొని ఆ కుండపోతలోనే భీమవరమున నొక యాసుపత్రికి చేర్చెను. ఇన్సులిన్ లేక నెత్తురు విషమైనదని యచ్చటి వైద్యురాలు చెప్పి రెండుదినములు కంటికి కునుకు లేక సెలైనును ఇన్సులినును ఎక్కించి యామెను యమునిచేతినుండి వెనుకకు లాగెను. నీలాద్రిరాజు ఆ రెండుదినములును వసారాలోని బల్లపై కూర్చుండెను. వైద్యురాలు అతని ముఖము నెఱుగును. ఆ ముఖమును నమ్మి వచ్చిన రోగులను ఆమె యంతకుముందును చూచియున్నది. ఒక్కమాఱైనను పలుకరింపలేదు.

మూడవనాడు నరసాయమ్మ కన్నులు తెఱచి యన్నను చూచి క్షీణస్వరముతో నిట్లనెను:

"తప్పు నాదేనన్నయ్యా. ఇరవైయొక్క రోజులూ పూర్తి చెయ్యలేకపోయాను. ఇంటికెళ్లాక మళ్ళీ మొదలెడతానండి."

అప్పటికి గాని ఆ మనుష్యునిలో మనుష్యుడు మేలుకొనలేదు. అతడు మంచపుటంచు పట్టుకొని తల వంచెను.

"అది నేను రాయలేదమ్మా. చదవను కూడా లేదు. ఏ పేజీ చదవలేదు. సంతకం ఒక్కటే నాది."

నరసాయమ్మ కోపపడలేదు. కోపపడినను బాగుండెడిది. ఆమె కన్నుల నీరు నిండెను గాని యది తనకొఱకు గాదు.

"మా విష్ణుసహస్రనామం గ్రూపులో అందరికీ పంపానండి" అనెను. "మా అన్నయ్య రాశారని గొప్పగా చెప్పి మరీ పంపాను. సూది వేయించుకునేవాళ్లు తొమ్మిది మంది ఉన్నారందులో. ఫోను తియ్యండి. పేర్లూ నంబర్లూ నేను చెప్తాను."

అతడు ఫోను తీసెను. నమ్మించుటకు ఒక్క సంతకము చాలినది. ఆ నమ్మకమును విడిపించుటకు ఇంటింటికిని నోరు తెఱచి తన సిగ్గును తానే చెప్పుకొనవలసి వచ్చినది. కొందఱు హడలిపోయి సూది మరల వేయించుకొందుమనిరి. ఒకామె తనకు కాకరరసముతో బాగుగనే యున్నదని వాదించి వాదించి తుదకు లొంగెను. ఎనమండుగురు ముగియుసరికి అతని గొంతు బొంగురుపోయెను. తొమ్మిదవయామె భూపతిరాజు సీతాయమ్మ. ఆమె సాంతము విని నెమ్మదిగా నడిగెను.

"ఇంతకీ మీరెవరండీ? నీలాద్రిరాజుగారంటే ఎంత పెద్ద డాక్టరో మాకు తెలుసండి. అంతటి మనిషి చదవకుండా సంతకం పెట్టానని చెప్తారేంటి? ఆయన పేరు చెప్పుకుని జనాన్ని మోసం చెయ్యకండి. పాపం తగుల్తుంది."

ఫోను తెగిపోయెను.

"ఏమన్నారండి సీతాయమ్మగారు?" అని నరసాయమ్మ యడిగెను.

"నేను మోసగాణ్ణంటోందమ్మా."

నరసాయమ్మ పైకప్పువైపు చూచుచు "అందులో తప్పేముందన్నయ్యా" అనెను. "మళ్ళీ చెయ్యండి."

అతడు మరల చేసెను. అవతల ఫోను మ్రోగి మ్రోగి యాగిపోయెను. చెల్లెలు తనవైపు చూడకున్నను వినుచున్నదని యెఱిగి యతడు మూడవమాఱు చేసెను.